ఉన్నా

మా పడవని లెపా అంటారు.
ఐదు బారల పొడవు, మధ్యలో నీపా ఆకుల కప్పు,
కప్పు కింద మట్టిపొయ్యి, చాప, కర్రపెండలం పిండి డబ్బా,
నానమ్మ పెళ్ళినాటి కంచు గంటలు ఏడు.
సితంకై దిబ్బలకీ బోర్నియో తీరానికీ నడుమ
మాకు వేరే చిరునామా లేదు.

ఆ సాయంత్రం సముద్రం
నూనె పోసినట్టు పడుకుని ఉంది.
నాన్న ముక్కెత్తి గాలి వాసన చూసి
తెరచాప దించేశాడు.
అన్న చూస్తూ కూర్చున్నాడు, తాడు పట్టలేదు.
దిబ్బ మీద కర్రల ఇల్లు కట్టుకుందామని వాడు అడిగినప్పటి నుంచీ
మూడు నెలలుగా
ఉప్పు అందుకోమన్న మాటైనా
వాళ్ళిద్దరి మధ్య నేనే మోస్తున్నాను.

మొదటి అల పొయ్యిని ఆర్పింది.
రెండోది పొయ్యినే పట్టుకుపోయింది.
మూడోదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

దీపం పోయాక
ఎవరి చెయ్యి వాళ్ళకే కనపడని చీకట్లో
నానమ్మ గొంతు ఒక్కటే మిగిలింది.

గరానీ!
ఉన్నా, అన్నాడు నాన్న చుక్కాని దగ్గర్నుంచి.
లైయానా!
ఉన్నా, అంది అమ్మ.
మూసరానీ!
ఉన్నా.
జల్నామీ!
నోటినిండా ఉప్పునీళ్ళతో నేను, ఉన్నా.
బిదాసా!
నానమ్మా, నా చెప్పొకటి కొట్టుకుపోయింది.
చెప్పు సంగతి నిన్నడిగానా?
ఉన్నా.

ఆఖరివాడు పదకొండు రోజులవాడు. ఇంకా పేరు పెట్టలేదు.
చిన్నోడా, అని పిలిస్తే
అమ్మ వాడి తొడ గిల్లేది.
వాడి ఏడుపే వాడి జవాబు.

అలకో పిలుపు.
పిలుపుకో ఊపిరి.

గాలి కప్పుని పట్టుకుని పడవని అడ్డం తిప్పుతోంది.
చుక్కాని వదిలితే అందరం పోతాం,
కప్పు ఉంచినా పోతాం.
"మూసరానీ, కత్తి."
నేను మోయక్కర్లేని మాట, మూడు నెలల్లో మొదటిది.
"ఎటువైపు ముందు?"
"ఎడమ."
నాన్న రెండు వర్షాకాలాలు కూర్చుని అల్లిన కప్పు
పెద్ద నల్లకొంగలా లేచి
చీకట్లో ఎటో పోయింది.
పడవ ఒళ్ళు విదిలించుకుని నిటారుగా నిలబడింది.

కొబ్బరి చిప్పతో తోడితే నీళ్ళు తరగవు.
అప్పుడు నానమ్మ,
తడి చేత్తో ముట్టుకుంటే మణికట్టు మీద కొట్టే నానమ్మ,
తన గంటల్ని వెల్లకిలా తిప్పి
తలా ఒకటి చేతుల్లో పెట్టింది.
తోడాం. తోడాం.
పడవ అంచుకి తగిలినప్పుడల్లా
అవి మోగుతూనే ఉన్నాయి,
ఎవరి పెళ్ళో తెలియకుండా.

ఒకసారి, ఎన్నో జామో తెలీదు,
చిన్నోడా అంటే ఏడుపు రాలేదు.
గంటలన్నీ ఆగిపోయాయి.
గాలి కూడా ఆగినట్టే అనిపించింది, ఆగలేదు.
చిన్నోడా!
"ఉన్నాడు," అంది అమ్మ.
"పాలు తాగుతున్నాడు, కాస్త ఆగండి."
అంత తుపానులో
అన్న పగలబడి నవ్వాడు.
నాన్న కూడా నవ్వాడనే నా నమ్మకం.
చీకటి కదా, సాక్ష్యం లేదు.

తెల్లవారేసరికి
నీళ్ళు కడవ అడుగు రంగులో ఉన్నాయి.
కప్పు లేదు, పొయ్యి లేదు, పిండి డబ్బా లేదు.
గంటలు నాలుగు మిగిలాయి.
నాన్నా అన్నా ఒకే తాడు చెరో కొస పట్టుకుని
ఇల్లు ఎక్కడ కట్టాలో మళ్ళీ పోట్లాడుకుంటున్నారు,
ఈసారి నోటితో.

బిదాసా లేచి కూర్చుని
వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
ఒక వేలు మిగిలిపోయింది.
రాత్రంతా పిలిచినామెని
ఎవరమూ పిలవలేదు.

వెనక బల్ల మీద
తెరకొయ్య మొదలుకి తనని తానే కట్టేసుకుని
తాడు కోసిన చోట నెత్తురు గడ్డకట్టి
కళ్ళు మూసుకుని ఉంది.

"సల్‌బాయా!"
పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే
మా పడవలో చెంప పగులుతుంది.
ఎవరూ చెయ్యెత్తలేదు.

పెదవులు కదిలాయి.
ఇన్నేళ్ళూ అందరి నోటా విన్న మాటని
తన నోట్లో మొదటిసారి పెట్టుకుని
రుచి చూస్తున్నట్టు
చాలాసేపటికి అంది:

ఉన్నా.